ఎక్స్‌రే బండి

ఆయిల్ సరిగ్గానే ఉంది, పుల్ల తీసి తుడిచి మళ్లీ ముంచితే గీత దాకా తడి ఉంది, అయినా మూడోసారి చూశాడు రామచంద్రం, ఎక్స్‌రే వ్యాను వెనక అరలో జనరేటరు మూడు నిమిషాలు నడిచి, చప్పుడు సన్నగిల్లి ఆగిపోతోంది, కాసేపు ఊరుకుంటే మళ్లీ అంటుకుంటుంది, మళ్లీ మూడు నిమిషాలే, పొద్దుటి నుంచి ఇది నాలుగోసారి, శివరాత్రి ఇంకా రాలేదు, మాదాపూర్ గుట్టల మీద ఎండ అప్పుడే మాడుస్తోంది, కొత్తగా లేచిన గుండ్రటి అద్దాల మేడకు రోడ్డు వేసేందుకు బండలు పేలుస్తుంటే దుమ్ము తెల్లగా వచ్చి అందరి కనురెప్పల మీదా వాలుతోంది, వ్యాను ముందు కంకర కూలీలు వరసగా కూచున్నారు, వరసలో ఏడో మనిషి తన పెళ్లాం భూలక్ష్మి, అటు చూడకూడదనుకుంటూనే చూశాడు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గుతోంది.

ఇంకెంతసేపు పడుతుందండీ రామచంద్రం, డాక్టర్ నవనీత కిటికీలోంచి అడుగుతోంది, జర ఆగుండ్రి మేడం, ఫిల్టర్ జూస్తున్న, గాలి ఫిల్టర్ విప్పి దులిపాడు, దానికేమీ కాలేదు, డీజిల్ ఫిల్టర్ విప్పాడు, అదీ శుభ్రంగానే ఉంది, భూలక్ష్మి దసరా నుంచి దగ్గుతోంది, దుమ్ముకే, పసుపు పాలు తాగు తగ్గుతది అని తానే చెప్పాడు, ఎక్కడెక్కడి కూలీలకో ఛాతీ ఫోటోలు తీయించే బండి నడుపుతూ ఇంట్లో మనిషిని ఒక్కనాడూ ఎక్కించలేదు, బోరబండ గదిలో ఆమె దగ్గినప్పుడల్లా రేడియో చప్పుడు పెంచాడు, శేఖర్ కూడా ఇట్లాగే దగ్గేవాడు, భూలక్ష్మి అన్న, ఇదే కంకర పని, రెండేళ్ల కిందట ఇదే బండిలో నిలబెట్టి తీశారు, తడి ఫిల్మును ఆరవేసింది తానే, నల్లటి ఛాతీ నిండా సున్నం చిలకరించినట్టు మచ్చలు, ఆరు నెలల ముందు రావాల్సింది అన్నాడు అప్పటి డాక్టరు, నాలుగు నెలలకే శేఖర్ పోయాడు, ఆ ఫిల్ము తీయకపోతే బతికుండేవాడని ఇన్నాళ్లూ ఎందుకనిపించిందో.

ఏందయ్యా, గంట సంది గదే ఇప్పుతున్నవ్, గదే బిగిస్తున్నవ్, భూలక్ష్మి ఎప్పుడు లేచి వచ్చిందో పక్కనే ఉంది, మేస్త్రి పనికి పిలుస్తుండు, ఇంకో దినం తీపిచ్చుకుంట, పోవాల్నా, పో అనబోయాడు, మాట నాలుక చివరి దాకా వచ్చింది, ఆమె మెడ కింది ఎముకలు ఎప్పుడింత పైకి తేలాయో, పానా కింద పెట్టాడు, పోయిన నెల పటాన్‌చెరులో ఇట్లాగే ఆగితే ఐదు నిమిషాల్లో పట్టుకున్నాడు, డీజిల్ ట్యాంకు మూతకు గాలి లోపలికి పోయేందుకు సన్నటి రంధ్రం ఉంటుంది, అది దుమ్ముతో పూడితే డీజిల్ కిందికి దిగదు, ఇంజన్ ఆగుతుంది, ఇవాళ మొదటిసారి ఆగినప్పుడే ఆ సంగతి తెలుసు, తెలిసే మూడుసార్లు ఆయిల్ చూశాడు, తెలిసే బాగున్న ఫిల్టర్లు విప్పాడు.

పోవద్దు, నీ పిన్నీసు ఇయ్యి, ఎందుకు, ఇయ్యి జర, గాజులకు తగిలించుకున్న పిన్నీసు తీసి ఇచ్చింది, మూత తిప్పగానే ట్యాంకు ఒక్కసారి గాలి పీల్చుకుంది, రంధ్రంలో గట్టిపడిన దుమ్మును పొడిచి, ఊది, బిగించి, స్టార్ట్ చేశాడు, మూడు నిమిషాలు దాటాయి, నాలుగు, ఐదు, చప్పుడు తగ్గలేదు, మేడం, ముందుగల్ల మా ఇంటామెను పిలువుండ్రి, వరసలో ఎవరూ కాదనలేదు, భయమైతాందా నీకు, మెట్టెక్కుతూ అడిగింది భూలక్ష్మి, అయితాంది, ఆ మాట ఆమెతో అనడం ఇదే మొదలు, నాకు గూడ అయితాంది, అంటూనే లోపలికి పోయింది, తలుపు పడింది, ఊపిరి బిగపట్టండమ్మా అంటోంది డాక్టరు, బయట తానూ బిగపట్టాడు, శేఖర్‌ను తీసుకుపోయినవి ఫోటో తీయించుకోకుండా గడిపిన ఆ ఆరు నెలలేనని, దసరా నుంచి ఇవాళ్టి దాకా భూలక్ష్మి బతుకులోంచి అలాంటి నెలల్నే ఒక్కొక్కటిగా తీసేస్తూ వచ్చింది తన భయమేనని, రామచంద్రానికి అప్పుడు తెలిసింది.