టోరున్ బొటనవేలు

ట్రాన్‌హైమ్ ఊళ్లోని ఆ ప్రయోగశాలలో పొద్దున తొమ్మిదింటికి అందరూ కాఫీ పోసుకునేవాళ్లు. ఆస్లౌగ్ మాత్రం గాజు పళ్లేలు ఒక్కొక్కటే చెవికి ఆనించుకునేది. వాటిలో మనిషి చర్మకణాలు పెరుగుతుండేవి. విషపు మందు తగిలితే కణంలోని డీఎన్ఏకి పిసరంత మరక అంటుకుంటుంది. అప్పుడొక ప్రోటీన్ వచ్చి ఆ మరకను తన ఒంటికి పూసుకుని, డీఎన్ఏని శుభ్రం చేసి, తాను ఇంకెందుకూ పనికిరాకుండా పోతుంది. ఆ పని జరుగుతుంటే ఆస్లౌగ్‌కి వినిపించేది.

"మూడోది బాగుపడుతోంది. అయిదోదాని వల్ల కాదు," అనేది. మిగతావాళ్లు రాసుకునేవాళ్లు.

ఆ ముక్క పరీక్షలు చేసి తేల్చడానికి అక్కడి శాస్త్రవేత్త టోరున్‌కి నాలుగు రోజులు పట్టేది. ఈ విద్యే పదమూడేళ్లు చదివిన మనిషి. ఆస్లౌగేమో గాజుసామాను కడగడానికి వచ్చి చేరింది. అయినా ప్రయోగశాల పెద్ద స్టైనార్ ఏ అనుమానం వచ్చినా "ఆస్లౌగ్ ఏమంది?" అనే అడిగేవాడు. ఆ మాట వింటే చాలు, టోరున్‌కి రొట్టెముక్క గొంతు దిగేది కాదు.

ఒక మంగళవారం అందరూ తిండికి వెళ్లాక టోరున్ ఆస్లౌగ్ పళ్లేలన్నిట్లో విషపు మందు రెండోసారి పోసింది. తొందరలో చేతొడుగు చిరిగిన చోట ఒక చుక్క బొటనవేలి మీద పడింది. గబగబా కడుక్కుంది.

మర్నాటికి కణాలన్నీ చచ్చిపోయాయి.

"ఆరు నెలల పని! ఎవరు చేశారిది?" అన్నాడు స్టైనార్.

ఆస్లౌగ్ తల కాస్త వంచి, పక్కనున్న టోరున్ చేతివైపు చెవి పెట్టింది. టోరున్ చెయ్యి జేబులో పెట్టుకుంది.

"నేనే. మర్చిపోయి రెండుసార్లు పోసినట్టున్నాను," అంది ఆస్లౌగ్.

స్టైనార్ కోపం అక్కడే చల్లారింది. "పోనీలే, నీ అంతటిదానికే పొరపాటు జరిగితే ఇక మేమెంత?" అంటూ కుర్చీ జరిపి కూర్చోబెట్టాడు. ఎవరో కాఫీ తెచ్చిచ్చారు.

టోరున్ ఒళ్లు మండిపోయింది. తప్పు తనదైతే ఓదార్పు ఆవిడకా!

"అబద్ధం! పోసింది నేను. ఇదొక్కటైనా నాకు వదిలెయ్, ఆస్లౌగ్!"

ఆ మాటతో, వచ్చే వారం తనకు రావలసిన పెద్ద ఉద్యోగం పోయింది. కింది అంతస్తులో సామాను సర్దే పని మిగిలింది. రెండు రోజులకి ఆస్లౌగ్ అక్కడికి దిగివచ్చింది.

"నీకెలా తెలిసింది?" అంది టోరున్, తల ఎత్తకుండా.

"నీ వేలు చెప్పింది. పక్కగదిలో ఎవరో మేజోళ్లు రఫూ చేస్తున్నట్టు ఒకటే చప్పుడు. ఇంత చురుగ్గా బాగుచేసుకునే చర్మం నేనెప్పుడూ వినలేదు తల్లీ. పళ్లెంలో పెంచడానికి ఓ ముక్క ఇస్తావా?"

"నా పేరు వేస్తారా?"

"వెయ్యరు. దాతకి అంకె ఒక్కటే."

టోరున్ చాలాసేపు బొటనవేలు చూసుకుంది. తర్వాత చెయ్యి చాపింది.

ఇప్పుడా కణాలు నాలుగు దేశాల్లో పెరుగుతున్నాయి. సామాను కోసం కిందికొచ్చిన వాళ్లెవరైనా ఆ అంకె చెప్పి ఆ కణాల్ని మెచ్చుకుంటే టోరున్ చెవులు ఎర్రబడతాయి.

"ఆ… పర్లేదు, బాగానే పనిచేస్తాయట," అంటుంది.