ఆదివారం మాత్రం ఉడకని కేకు

లిఫ్టులు బాగుచేసే ఆ మనిషిని తోటివాళ్ళు ‘మూడుసార్లు’ అని పిలిచేవారు. బిగించిన ప్రతి బోల్టునీ మూడుసార్లు చూస్తాడు. తలుపు మూడుసార్లు తీసి మూస్తాడు. ఖాళీ లిఫ్టుని మూడుసార్లు పైకీ కిందికీ తిప్పాక గానీ మనుషుల్ని ఎక్కనివ్వడు. ఈ జాగ్రత్త పనిలో అతనికి అన్నం పెట్టింది గానీ ఇంట్లో అక్కరకు రాలేదు. ఆచితూచి చేసుకున్న పెళ్ళి కొన్నేళ్ళు నడిచి ఆగిపోయింది. అది ఏ అంతస్తులో ఆగిందో అతనికి ఈనాటికీ అంతుపట్టలేదు.

మిగిలింది కూతురు. పుట్టినప్పుడు పెట్టిన గోలకి ‘పిడుగు’ అన్న పేరు పడింది. తొమ్మిదేళ్ళు వచ్చేసరికి ఆ పిడుగుకి మాటలు తగ్గి చూపులు పెరిగాయి. వారమంతా తల్లి దగ్గర, ఆదివారం తండ్రి దగ్గర అని పెద్దవాళ్ళిద్దరూ కూర్చుని ఒప్పుకున్నారు. ఆ ఒప్పందంలో పిల్ల మాట ఎవరూ అడగలేదు.

మొదటి ఆదివారం అద్దె ఇంట్లో తండ్రీకూతుళ్ళు ఎదురెదురుగా కూర్చున్నారు. రెండు గదుల ఆ కొంపలో ముందు అద్దెకున్నవాళ్ళు మోయలేక వదిలేసిన కరెంటు ఓవెన్ ఒకటి ఉంది. పిడుగు దానివైపు చూసి, “దీంట్లో కేకు అవుతుందా నాన్నా?” అంది.

“అవకేం” అన్నాడు, జన్మలో గుడ్డు పగలగొట్టి ఎరగని మనిషి.

ఆ కేకు ఇటుకలా వచ్చింది. పిల్ల దాన్ని బల్ల మీద టకటకా కొట్టి చూసి, పకపకా నవ్వింది. ఇల్లు మారాక అతని చెవిన పడ్డ మొదటి నవ్వు అదే. దాంతో ఆదివారమంటే కేకు అయిపోయింది.

పిండి కొద్దీ రొట్టె అన్నారు. కేకు సంగతి అలా కాదనీ, పిండి ఎంత బాగా కలిపినా వేడి కూడా మాట వినాలనీ అతను మెల్లగా నేర్చుకున్నాడు. ఒక వారం అడుగంతా మాడింది. ఒక వారం బేకింగ్ పౌడరు ఎక్కువై సబ్బు నమిలినట్టుంది. ఇంకో వారం టిన్నుకి వెన్న రాయడం మరిచిపోయి స్క్రూడ్రైవరుతో పెకలించాల్సి వచ్చింది. తర్వాత తర్వాత చెయ్యి తిరిగింది. నారింజ తొక్క తురిమి వేసిన కేకు ఎంత బాగా కుదిరిందంటే, పిడుగు పై అంతస్తు ముసలావిడకి కూడా ఒక ముక్క ఇచ్చొచ్చింది. ఆవిడ మర్నాడు మెట్ల మీద అతన్ని ఆపి మరీ మెచ్చుకుంది. అంత పెద్ద మనిషీ రెండు రోజులు చిన్నగా ఈల వేసుకుంటూ తిరిగాడు.

ఆదివారం రాత్రి అతనికి డ్యూటీ. అందుకని ప్రతిదానికీ ఒక వరస పెట్టుకున్నాడు. పొద్దున్న బట్టలుతికి, ఇల్లు తుడిచి, అంతా సిద్ధమయ్యాకే మధ్యాహ్నం వెళ్ళి పిల్లని తెచ్చుకునేవాడు. ఇద్దరూ కలిసి పిండి కలిపేవారు. కేకు ఓవెన్‌లోకి వెళ్ళగానే అతను స్నానానికి వెళ్ళేవాడు. యూనిఫారం వేసుకుని, తల దువ్వుకుని, బల్ల మీద స్టీలు డబ్బా మూత తీసి పెట్టి, పిల్ల షూలు తలుపు వైపు తిప్పి పెట్టేవాడు. కేకు కాగానే పుల్ల గుచ్చి చూసి, “అయిపోయింది, పద” అనేవాడు. సగం కేకు డబ్బాలో తల్లి ఇంటికి వెళ్ళాలి. పిల్లని దింపి అతను అటునుంచి అటే డ్యూటీకి వెళ్ళాలి. ఆ వరసలో ఎక్కడా వంక పెట్టడానికి లేదని అతని నమ్మకం.

అలాంటిది, ఉన్నట్టుండి కేకులు పాడవడం మొదలైంది. పైన ఎర్రగా ఉన్నట్టే ఉంటుంది. పుల్ల గుచ్చితే లోపల పచ్చి పిండి. మధ్యలో గుంట. పచ్చి కేకు ఆ ఇంటికి పంపడానికి అతనికి మనసొప్పేది కాదు. కాపురమున్నన్నాళ్ళూ వంటింట్లోకి తొంగి చూడని మనిషని అక్కడ పేరు. అందుకని మళ్ళీ ఓవెన్‌లో పెట్టి, అది ఉడికేదాకా కూర్చునేవారు. పిల్ల అతని ఒళ్ళో తల పెట్టుకుని బడి కబుర్లు చెప్పేది. అతను ఊకొడుతూనే గడియారం వైపు చూసేవాడు. తల్లి ఇల్లు చేరేసరికి బాగా పొద్దుపోయేది.

పిల్ల తల్లి బట్టలు కుడుతుంది. ఆ ఆదివారం మెడలో కొలత టేపుతోనే తలుపు తీసింది. పిల్లని లోపలికి పంపి, గుమ్మం దగ్గరే నిలబడింది. విడిపోయాక ఆవిడ నోట ‘ఏమండీ’ పోయింది గానీ ‘మీరు’ మిగిలింది.

“వరసగా నాలుగో వారం. ఇప్పుడు తిని ఎప్పుడు పడుకుంటుంది? సోమవారం క్లాసులో నిద్రపోతోందని టీచరు పిలిచి చెప్పింది.”

“ఓవెన్ సరిగ్గా పనిచెయ్యట్లేదు” అన్నాడు.

“ఆడలేక మద్దెల ఓడన్నట్టు, మీకెప్పుడూ తప్పు యంత్రానిదే.” ఆవిడ గొంతు పెంచలేదు. పెంచి ఉంటే అతనికి కొంచెం తేలికయ్యేది. “వచ్చే వారం కూడా ఇలాగే అయితే, ఇక వారం విడిచి వారం పంపుతాను. మీమీద కక్షతో అనట్లేదు. దాని ఒంటికోసం అంటున్నాను.”

కక్ష కాదని అతనికీ తెలుసు. వారానికి ఒక్కరోజు, ఆ ఒక్కరోజులో సగం. దాన్నీ సగం చేస్తే ఇంకేం మిగులుతుంది? బస్సులో నిలబడి ఆ లెక్కే వేసుకుంటూ వెళ్ళాడు. దిగాల్సిన చోటు దాటిపోయింది.

ఆ వారం ఓవెన్‌ని ఒళ్ళంతా విప్పేశాడు. వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ కొత్తది వేశాడు. తలుపు చుట్టూ రబ్బరు మార్చాడు. పని నుంచి రాగానే ఒక కేకు పెట్టి చూశాడు. దూదిలా పొంగింది. మర్నాడు ఇంకోటి. అదీ బాగుంది. మూడోదీ బాగుంది. మూడు కేకులూ పట్టుకెళ్ళి పనిలో పంచిపెట్టాడు.

కలిసి పనిచేసే పెద్దాయన్ని అందరూ గ్రీజు మామ అంటారు. ఆయన రెండో ముక్క నోట్లో పెట్టుకుంటూ, “ఆదివారం దానికి సెలవేమో అల్లుడూ” అన్నాడు. అందరూ నవ్వారు. నవ్వు ఆగాక మామే మళ్ళీ అన్నాడు: “ఖాళీగా తిరిగితే బాగుండి, మనిషి ఎక్కితేనే ఆగిపోయే లిఫ్టుల్ని ఎన్ని చూడలేదూ. ఏదో కదులుతోంది. గీత పెట్టి చూడు.”

లిఫ్టు పనిలో అదొక పద్ధతి. బోల్టు బిగించాక, బోల్టు మీదుగా పక్కనున్న రేకు మీదికి రంగుతో ఒక సన్నటి గీత గీస్తారు. బోల్టు వెంట్రుకంత కదిలినా గీత విరుగుతుంది. వేడి పెంచి తగ్గించే ఓవెన్ నాబ్ దానంతటదే జారుతోందేమో అని అతనికి తోచింది. తోచిందే గానీ ఆ వారం పని తెమలక, గీత పెట్టడం ఆదివారం మధ్యాహ్నం దాకా కుదరలేదు. కేకు లోపల పెట్టి, నాబ్ సరిచేసి, పిల్ల పెరట్లో చేతులు కడుక్కుంటుంటే గబగబా ఎర్ర గీత గీసి స్నానానికి పోయాడు. రంగు ఆరనివ్వాలన్న ధ్యాస లేదు. అన్నీ మూడుసార్లు చూసే మనిషి అది ఒక్కసారి కూడా చూసుకోలేదు.

యూనిఫారం వేసుకుని, డబ్బా, షూలు ఎప్పటిలా పెట్టి, తల తుడుచుకుంటూ ఓవెన్ దగ్గరికి వచ్చేసరికి ఇంట్లో కేకు వాసన లేదు. నాబ్ ఉండాల్సిన చోటే ఉన్నట్టుంది. వంగి చూస్తే గీత విరిగి ఉంది. ముందు సంతోషమే కలిగింది. నాబ్ జారుతోందన్నమాట, ఇంత చిన్న విషయమన్నమాట. తర్వాత, రంగు అలికినట్టుండటం చూశాడు. నాబ్ దానంతటది జారితే రంగు అలుక్కోదు. తల తిప్పాడు. పిడుగు బల్ల దగ్గర కూర్చుని బొమ్మ వేసుకుంటోంది. ఒక చెయ్యి పిడికిలి బిగించి ఒళ్ళో పెట్టుకుంది.

“ఏదీ, చెయ్యి చూపించు తల్లీ.”

బొటనవేలికీ చూపుడువేలికీ ఎర్ర రంగు.

నిజం చెప్పాలంటే అతనికి ముందు చాలా కోపం వచ్చింది. కంచే చేను మేసినట్టు, ఎవరికోసం ఈ పాట్లన్నీ పడుతున్నాడో ఆ పిల్లే వేడి తగ్గించింది. తను స్నానానికి వెళ్ళగానే నాబ్ వెనక్కి తిప్పి, కుళాయి ఆగిన చప్పుడు వినగానే మళ్ళీ ముందుకు తిప్పేసింది. కోపం వెనకే భయం వచ్చింది. అది కోపం కన్నా పెద్దది.

“ఎందుకు చేశావమ్మా? ఇక్కడికి రావడం ఇష్టం లేదా?”

పిల్ల అతన్ని వింతగా చూసింది. ఇంత చిన్న విషయం తెలియదా అన్నట్టు చూసింది. తర్వాత తల దించుకుని, వేలి మీది రంగు గీక్కుంటూ చెప్పింది.

“కేకు అయిపోతే ‘పద’ అంటావుగా. అవకపోతే అనవు.”

అతను చుట్టూ చూశాడు. ఒంటి మీద ఇస్త్రీ యూనిఫారం. బల్ల మీద మూత తీసిన డబ్బా. గుమ్మం దగ్గర బుల్లి షూలు, వీధి వైపు తిరిగి. కొంచెంసేపటి క్రితం తనే తిప్పి పెట్టినవి. ఒక్క నిమిషం కూడా పోకూడదని పెట్టుకున్న వరస ఆ పిల్లకి ప్రతివారం ఎలా కనపడిందో అప్పుడు తెలిసింది. సిగ్గేసింది. ఏడుపొచ్చింది. తుడుచుకోవడానికి తువ్వాలు చేతిలోనే ఉండటం మేలైంది.

ఇలా ఆలస్యం చెయ్యడం వల్లే ఆదివారాలు సగం కాబోతున్నాయన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు. ఎంత బరువు మోయగలదో రాసిపెట్టకుండా అతను ఏ లిఫ్టునీ వదిలిపెట్టడు. తొమ్మిదేళ్ళ పిల్ల ఏ బరువు మోయకూడదో ఆ మాత్రం అతనికి తెలుసు.

ఓవెన్ ఆపేశాడు. “ఇవాళ అమ్మ దగ్గరికి వేళకి వెళ్దాం. కేకు ఉండనీ.”

పిల్ల దాన్ని శిక్ష అనుకుంది. బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చుంది. “నాకు కోపం లేదమ్మా” అన్నాడు. కోపం లేదని చెప్పేవాళ్ళకే ఉంటుందని పిల్లలకి బాగా తెలుసు. దారి పొడుగునా పిడికిలి విప్పలేదు.

ఇంకా వెలుగుండగానే తలుపు తట్టిన శబ్దానికి తల్లి ఆశ్చర్యపోయింది. అందుకున్న డబ్బా తేలిగ్గా ఉండటం చూసి, “కేకేదీ?” అంది.

“ఇవాళ అవలేదు.”

“ఇంకా ఓవెనేనా?”

“ఓవెన్‌లో ఏమీ లేదు. తప్పు నాది.”

ఆవిడ డబ్బా పట్టుకున్న చెయ్యి ఆగింది. కాపురం చేసినన్నాళ్ళూ ఎంత ఎదురుచూసినా రాని మాట అది. ఇప్పుడు వచ్చి ఎవరికి లాభం అన్నట్టు ఒక నిట్టూర్పు విడిచింది. లోపల పిల్ల చెవులు రిక్కించి నిలబడిందని అతనికి తెలుసు. పిల్ల పేరు ఎత్తలేదు.

“వచ్చే వారం పొద్దున్నే వచ్చి తీసుకెళ్తాను. వెలుగుండగానే దింపుతాను. నాకు ఆదివారాలన్నీ కావాలి.” అతను ఎప్పుడూ ఏదీ కావాలని అడిగే మనిషి కాదు. అడగడం రాకనే సగం పోగొట్టుకున్నాడు.

ఆవిడ టేపు వేలికి చుట్టుకుంది. “సరే. ఈ నెల చూద్దాం” అంది.

తర్వాతి ఆదివారం ఇల్లు ఊడవలేదు. ఉతికి పిండిన బట్టలు బకెట్లోనే ఉన్నాయి. యూనిఫారం ఇస్త్రీ లేకుండా కొక్కేనికి వేలాడుతోంది. పొద్దున్నే పిల్లని తెచ్చి, ఇంట్లో వేసుకునే పాత బట్టల్లోనే పిండి కలిపాడు. కేకు లోపల పెట్టాక స్నానానికి పోలేదు. ఓవెన్ ముందు నేల మీద ఇద్దరూ కూర్చుని, అద్దంలోంచి అది పొంగడం చూశారు. ఇన్ని వారాలు చేసినా అది పొంగేటప్పుడు అతను చూడటం అదే మొదలు. నాబ్ మీది గీత ఆరిపోయి అలాగే ఉంది.

కేకు అంత బాగా ఎప్పుడూ రాలేదు. పుల్ల గుచ్చితే శుభ్రంగా బయటికొచ్చింది. అతను టిన్ను దించి, చూశావా అన్నట్టు వెనక్కి తిరిగాడు. పిడుగు అక్కడ లేదు.

గుమ్మం దగ్గర కూర్చుని షూలు వేసుకుంటోంది. ఎవరూ పద అనలేదు. ఏడవడం లేదు, అలగలేదు కూడా. కేకు అయింది కాబట్టి లేచింది, అంతే.

అతను వెళ్ళి పక్కన కూర్చున్నాడు. “ఇంకా బట్టలు ఆరేయాలమ్మా. ఇల్లు తుడవాలి. తర్వాత ఏం చేద్దామో నేనేమీ అనుకోలేదు” అన్నాడు.

పిల్ల అతని ఇంటి బట్టల వైపు చూసింది. కొక్కేనికున్న నలిగిన చొక్కా వైపు చూసింది. నిండా ఉన్న బకెట్ వైపు చూసింది. చాలాసేపు చూసి, ఒక షూ విప్పింది.

పెరట్లో అతను తడి బట్టలు దులిపి తీగ మీద వేస్తుంటే, వట్టి కాలొకటీ షూ ఉన్న కాలొకటీ వేసుకుని కుంటుతూ తిరుగుతూ ఒక్కో క్లిప్పూ అందించింది. రెండో షూ మధ్యాహ్నం దాకా కాలికే ఉంది. అతను విప్పమని చెప్పలేదు.