ఒప్పుకో అవ్వా

పెద్దవంగర దగ్గరి ఓ ఊళ్లో, మిట్టమధ్యాహ్నం, ధర్మేందర్ తన ఇంటి ముందున్న కరెంటు స్తంభానికి కొమురవ్వను కట్టేశాడు. పది రోజుల్లో అతని ఇంట్లో రెండు చావులు. ముందు పాడిగేదె, తర్వాత ఆరేళ్ల కూతురు. డెంగీ అని దవాఖానలో రాసిచ్చారు. సోది చెప్పేవాడు మాత్రం, "నీ చేను పక్కన మొగడు లేని ముసల్ది ఉన్నదా?" అని అడిగాడట. ఉంది. ఈసారి వానలు మొహం చాటేసి అందరి బోర్లూ ఎండిపోయినా కొమురవ్వ బోరు పోస్తూనే ఉంది. ఆ నీళ్లు చాలామంది కడుపులో అప్పటికే మంటై ఉన్నాయి.

"బాణామతి చేసినవ్. తియ్యి! మా చిన్నబిడ్డకు గూడ జరమొచ్చింది. తీస్తవా, సంపాల్నా?"

గొడ్డలి కర్ర మోకాలి మీద పడింది. ఎముక పటుక్కుమంది.

"మంత్రాలే వస్తే నా మోకాళ్ల నొప్పులు పోగొట్టుకుందు గదరా కొడుకా!"

గుంపులో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వుకు ధర్మేందర్ మరింత రెచ్చిపోయాడు.

సారయ్య జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. ఇరవై ఎనిమిదేళ్లు ఆర్టీసీలో కండక్టరు పని చేసినవాడు. బస్సులో కొట్లాట లేస్తే ఆయన దగ్గర ఒకటే మందు. ఇద్దరిలో మెత్తగా ఉన్నవాళ్ల చెవిలో "తప్పైందను, అయిపోతది" అనేవాడు. అయిపోయేది కూడా.

కొమురవ్వ చెవి దగ్గరికి వంగాడు. "ఒప్పుకో అవ్వా. తీసేస్తనను. ఇడిచిపెడ్తరు."

"చెయ్యంది చేసిన్నంటనా సారయ్యా?"

"పానం దక్కుతది."

ఆమె ఆయన మొహంలోకి చూసి గొంతెత్తింది. "నేనే చేసిన బిడ్డా. తీసేస్తున్న."

గుంపు చప్పబడింది. తాడు విప్పబోయిన సారయ్య చేతిని ధర్మేందర్ విదిలించి కొట్టాడు. అంతదాకా అతని కళ్లలో ఏ మూలో కాస్త అనుమానం ఉండింది. ఇప్పుడది పోయింది.

"విన్నరా? దాని నోటితోనే ఒప్పుకున్నది! పండ్లూడగొట్టున్రి!" పళ్లు లేకపోతే మంత్రం నోట తిరగదని వాళ్ల నమ్మకం. "ఒక్కదానివే చెయ్యలే. ఎవలు నేర్పిన్రే నీకు?"

మొదటి రాయికి ముందు పళ్లు రెండూ రాలాయి.

"నా పెనిమిటి," అంది నెత్తురు ఉమ్ముతూ. "మట్టిల కలిసి పన్నెండేండ్లాయె. పోయి ఆయన్నే అడుగు."

"సచ్చినోడొద్దు! బతికున్నోళ్ల పేరు చెప్పు!"

రెండో రాయికి దవడ పక్కకు జారింది. చుట్టూ ఉన్నవాళ్లు తలా ఓ అడుగు వెనక్కి వేశారు, ఆ నోట తమ పేరెక్కడ వస్తుందోనని. వాళ్లలో సగం మందికి పురుడు పోసింది తాడుతో కట్టేసి ఉన్న ఆ చేతులే. ఆమె చూపు సారయ్య మీద ఆగి, మెల్లగా పక్కకు తప్పుకుంది. ఎవరి పేరూ చెప్పలేదు.

మూడో రాయి లేచింది.

"నేనే!" అని అరిచాడు సారయ్య. "నేనే నేర్పిన! ఇందాక చెవిల ఏం చెప్పిన్ననుకున్నరు?"

ఆ రాయి ఆయన నుదుటికి తగిలింది. గుంపంతా ఆయన మీద పడింది. పక్కటెముక విరిగింది, ఆ పైన మరొకటి. చెంప మట్టికి ఆనించి పడి ఉంటే కాళ్ల సందుల్లోంచి స్తంభం కనిపించింది. ధర్మేందర్ భార్య స్వప్న, బిడ్డను పోగొట్టుకున్న ఆ తల్లి, కొడవలితో తాడు కోస్తోంది. కొమురవ్వను చంకల కింద చేతులేసి పట్టుకుని, తన ఇంట్లోకే ఈడ్చుకుపోయింది.

తలుపు మూసుకుంది. లోపల గడియ పడిన చప్పుడు విన్నాకే సారయ్య రెండు చేతులతో తల కప్పుకున్నాడు.