అంచుల మాస్టారు

ఓపీ ముగిసేసరికి నా నడుము పడిపోయింది. చివర్లో వచ్చినవాడు లారీ డ్రైవరు. దవడ కింద చీము కారే చిన్న రంధ్రానికి ఏడాదిగా మలాములు రాస్తున్నాడు. "రంధ్రం పైకి కనిపిస్తోంది గానీ దొంగ నోట్లో ఉన్నాడయ్యా. ఆ పుచ్చిపన్ను పీకిస్తే అదే మూసుకుంటుంది" అని పళ్ల డాక్టరు దగ్గరికి తోలాను. చేతులు కడుక్కుందామని లేస్తుంటే తలుపు తోసుకుని మా మామగారు వచ్చారు, అందరిలాగే చేతిలో చీటీతో.

నాకు మామగారు కాకముందు ఆయన సర్జరీ పాఠం చెప్పిన గురువు. విద్యార్థులందరికీ 'అంచుల మాస్టారు'. పుండు ఎన్నాళ్లదని అడిగే ముందే దాని అంచు చూడమనేవారు. వాలుగా ఉంటే మానుతోందని, కింద గుల్లగా ఉంటే క్షయేమోనని, బయటికి తిరగబడితే క్యాన్సరేమోనని. ఇందులో తడబడినవాణ్ణి నిలువునా కడిగేసేవారు.

"ఇంట్లో చూపించొచ్చు కదా మామయ్యా?"

"ఇంట్లో నువ్వు కోడలివి. కట్టు విప్పమ్మా."

చీలమండ పైన, ఎప్పుడో కాలిన మచ్చ మీద పుండు. మా ఇంటికొచ్చినప్పుడల్లా మేజోళ్లు విప్పకపోవడం ఎందుకో ఇప్పుడర్థమైంది.

"సిరలు ఉబ్బి వచ్చిన పుండేలే. ముక్క పరీక్ష కూడా చేయించాను, ఏమీ లేదన్నారు," అన్నారు గోడవైపు చూస్తూ.

"ముక్క ఎక్కణ్ణుంచి తీశారు?"

"మధ్యలోంచి. తీసిన డాక్టరుకి నేనే అలా చెప్పాను."

నాకు ఒళ్లు మండింది. మధ్యలో ఉండేది కుళ్లు, రోగం దొరికేది అంచులో. మాకు నేర్పిందే ఆయన.

"పరీక్షలో నేనీ మాటంటే ఏం చేసేవారు?"

"బయటికి గెంటేవాణ్ణి." చేతిలో చీటీని మడతపెడుతూ అన్నారు, "భయమేసిందమ్మాయ్."

ఆయన నోట ఆ మాట నేనెన్నడూ వినలేదు. నా కోపం ఎటు పోయిందో తెలియదు. గ్లవ్స్ తొడుక్కుని ముందు గజ్జలు తడిమి, తర్వాత పుండు మీద వేలు పెట్టాను.

"అంచు ఎలా ఉంది?" కళ్లు మూసుకుని, అదే పాత వైవా గొంతుతో అడిగారు.

వాలుగా ఉందని అనేయాలనిపించింది. ఒక్క మాట అనేస్తే ఇద్దరం ఇంటికి పోయి హాయిగా పడుకోవచ్చు.

"పైకి లేచింది. బయటికి తిరగబడింది. గట్టిగా ఉంది, ముట్టుకుంటే నెత్తురొస్తోంది."

"పుండు అడుగుభాగం?"

"ఎముకని పట్టేసింది. గజ్జల్లో మాత్రం ఏ గడ్డా తగల్లేదు, అక్కడిదాకా పాకినట్టు లేదు."

"అయితే ప్రాణం దక్కొచ్చు. కాలు?"

"అంచు నుంచి ముక్క తీసి పంపిస్తాను. కానీ కాలు ఉంచుతానని మాటివ్వలేను మామయ్యా."

ఆయన తలూపి మేజోడు అందుకున్నారు.

"పాసయ్యావు. బయట మీ అత్తయ్య కూర్చుంది. ఏమీ లేదని చెప్పి ఇన్నాళ్లూ నెట్టుకొచ్చాను. ఇది మాత్రం నువ్వే చెప్పాలి. నావల్ల కాదు."

తలుపు తీశాను. అత్తయ్య నన్ను చూడగానే సంచిలోంచి కొత్త బూట్ల జత తీసి నా చేతిలో పెట్టింది.

"కట్టుతో కూడా పట్టాలని ఒక సైజు పెద్దవి కొన్నానే. మానాక మరీ వదులైపోతాయంటావా?"