తలసరి లెక్కలో రెబెక్కమ్మ

పెంచలకృష్ణకు అంకెలంటే ప్రాణం. కావలిలో ఒక డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతూ, పీహెచ్‌డీ కోసం నాలుగేళ్లుగా ఒకే పట్టిక పట్టుకుని కూర్చున్నాడు. పంతొమ్మిది దేశాలు. ఒక్కో దేశంలో ఒక్కో మనిషి ఆరోగ్యం మీద ఏడాదికి అయ్యే ఖర్చు. అమెరికా అన్నిటికంటే పైన, మనిషికి పన్నెండు వేల డాలర్లు దాటి. ఇంగ్లండు, జపాను నాలుగైదు వేల దగ్గర. థాయిలాండు మూడు నాలుగు వందలు. శ్రీలంక నూటయాభై అటూ ఇటూ. అడుగున మన దేశం, ఎనభై డాలర్లకు కాస్త అటో ఇటో. రూపాయల్లో ఆరేడు వేలు. అందులోనూ సగానికి కొంచెం తక్కువ జనం తమ జేబులోంచి పెట్టుకునేదే.

ఆ పట్టిక చూసిన వాళ్లంతా అయ్యో అనేవారు. పెంచలకృష్ణ అయ్యో అనే మనిషి కాదు. ఇంత తక్కువ ఖర్చుతో ఇంతమంది ఎలా నెట్టుకొస్తున్నారన్నదే అతనికి ఆశ్చర్యం. ఆ ఆశ్చర్యం మీదే చివరి అధ్యాయం రాయాలని అతని కోరిక. అతని గైడు పద్మనాభయ్య గారు పట్టికంతా చదివి, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, "అంతా బాగుంది కృష్ణా. ఇన్ని దేశాలుండాయి గానీ మనిషొక్కడూ కనపడ్డం లేదు. ఏదన్నా ఒక ఊరికి పోయి చూసిరా" అన్నారు.

అలా అతను ఫిబ్రవరిలో ఒక బుధవారం ఉదయం బోగోలు మండలంలోని చిన్నవాకపాళెం చేరాడు. ఊరంతా సముద్రం మీద బతికేవాళ్లే. ఆరోగ్య కేంద్రం తలుపు తీసే ఉంది గాని లోపల మనిషి లేదు. గోడకున్న నల్లబల్ల మీద, "రేవులో ఉన్నాను. టీకాలు పది గంటలకు" అని సుద్దముక్కతో రాసి ఉంది. ప్రశ్నల కాగితాలు చంకలో పెట్టుకుని అతను ఇసుకలో పడి నడిచాడు.

అప్పటికే పడవలు ఒడ్డుకు చేరాయి. మగవాళ్లు గుంపులుగా కూర్చుని వలల్లో చిక్కిన కవళ్ల చేపలను ఒక్కొక్కటే విడదీస్తున్నారు. వాళ్ల మధ్య తెల్లచీర కట్టుకున్న ఒక పొట్టి మనిషి మోకాళ్ల మీద కూర్చుని ఒకతని చేతికి బీపీ మిషన్ పట్టీ చుడుతోంది. ఆమే నర్సు రెబెక్కమ్మ. యాభై ఆరేళ్లుంటాయి. ఇరవై రెండేళ్లుగా ఈ ఊళ్లోనే అద్దె గదిలో ఉంటూ పని చేస్తోంది. ఊళ్లో అందరికీ సిస్టరమ్మ.

అతను వచ్చిన పని చెప్పి, ఒక గంట కూర్చుని మాట్లాడదామన్నాడు.

"నేను కూర్చుంటే వీళ్లు దొరకరు నాయనా. చేపలు అమ్ముకొని ఇళ్లకు పోయి నిద్రపోతారు. నాతో నడవండి, అడగాల్సింది నడస్తా అడగండి" అంది ఆమె.

నడుస్తూ అతను విన్నదీ చూసిందీ ఏ పుస్తకంలోనూ చదవలేదు. ఈ ఊళ్లో నలభై దాటిన మగవాళ్లలో చాలామందికి రక్తపోటు. మాత్రలు ఉచితంగానే ఇస్తారు, అయినా ఒకప్పుడు ఎవరూ మింగేవాళ్లు కాదు. మొండితనం అనుకుందామె మొదట్లో. తిట్టి చూసింది, బతిమాలి చూసింది. చివరికి ఒకనాడు తెల్లారుజామున తనే ఒక పడవెక్కి వాళ్లతో సముద్రం మీదికి పోయింది. దారి పొడుగునా వాంతులు చేసుకుంటూనే కనిపెట్టింది. మూడు గంటలకు పరగడుపున మాత్ర మింగి పడవెక్కితే అలల మీద కళ్లు తిరుగుతాయి, నీళ్లలో పడతామని వాళ్ల భయం. పైగా జేబులో పెట్టుకున్న మాత్రలు ఉప్పుగాలికి చెమ్మగిల్లి పొడి అయిపోతున్నాయి. తిరిగొచ్చాక డాక్టరు గారితో మాట్లాడి, ఒడ్డుకొచ్చి సద్దన్నం తిన్న తర్వాత మింగేట్టు వేళ మార్పించింది. మాత్రలు దాచుకోవడానికి మూత గట్టిగా బిగిసే కొబ్బరినూనె డబ్బాలు కడిగి ఆరబెట్టి, అడుగున గుప్పెడు బియ్యం పోసి ఇంటింటికీ ఇచ్చింది. చెమ్మంతా బియ్యమే పీల్చేస్తుంది. ఎండుచేపలు మానమని ఎవరికీ చెప్పలేదు, చెప్పినా మానరని ఆమెకు తెలుసు. వేడినీళ్లలో మూడుసార్లు కడిగి వండమని ఆడవాళ్లకు నేర్పింది.

అంతకు ముందు ఏడాదికి నలుగురైదుగురు పక్షవాతంతో మంచాన పడే ఊళ్లో గడిచిన మూడేళ్లలో పడింది ఇద్దరే. ఈ మాట ఆమె చెప్పలేదు. వల విడదీస్తున్న ఒక పెద్దాయన చెప్పాడు.

పెంచలకృష్ణ తన పని కూడా మొదలుపెట్టాడు. కామాక్షయ్య అనే యాభై రెండేళ్ల పడవ యజమాని పక్కన కూర్చుని, ఫోనులో రికార్డు పెట్టి, పోయిన ఏడాది మందులకు ఎంత ఖర్చయిందో అడిగాడు. కామాక్షయ్య నవ్వి, "నాకంటే మా ఇంజనుకే ఎక్కువ మందు పోసినా సార్" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు కూడా నవ్వారు. రెండు నెలలు మద్రాసు పడవల మీద పనికి పోయి మూడు రోజుల కిందటే వచ్చాననీ, అక్కడ మాత్రలు అయిపోతే మళ్లీ తీసుకోలేదనీ, ఈ మాట సిస్టరమ్మతో అనవద్దనీ గొంతు తగ్గించి చెప్పాడు.

సిస్టరమ్మకు చెప్పనక్కర్లేకపోయింది. ఇరవై నిమిషాల తర్వాత ఆమె వరసలో కామాక్షయ్య దగ్గరికి వచ్చేసరికి అతని చేతిలోని చేప రెండుసార్లు జారిపడింది. ఏమైందని అడిగితే చెప్పిన జవాబు ముద్దముద్దగా వచ్చింది. ఎండ దెబ్బ అన్నారొకరు. రాత్రి తాగింది ఇంకా దిగలేదన్నారు ఇంకొకరు. సోడా తాగిద్దామని ఒకతను లేచాడు.

"నీళ్లు కూడా పొయ్యబాకండి, గొంతులో అడ్డం పడతాది" అంది రెబెక్కమ్మ. గొంతు పెంచలేదు. కామాక్షయ్యను నవ్వమంది. మూతి ఎడమ పక్కకే లాగింది. రెండు చేతులూ చాపమంది. కుడిచెయ్యి నిలవక కిందికి వాలిపోయింది. వేలికి సూది పొడిచి చక్కెర చూసింది. పక్కకు తిప్పి పడుకోబెట్టించింది. ఒక చేత్తో నాడి పట్టుకునే ఇంకో చేత్తో నూట ఎనిమిదికి ఫోను చేసింది. అప్పుడు తలెత్తి చుట్టూ చూసి, ఇతను చివరిగా సరిగ్గా మాట్లాడింది ఎప్పుడని అడిగింది.

అందరూ తలా ఒక మాట చెప్పారు. పొద్దున్నే అన్నారొకరు, ఇప్పుడే అన్నారొకరు. పెంచలకృష్ణకు హఠాత్తుగా తన ఫోను గుర్తొచ్చింది. రికార్డు తీసి వినిపించాడు. ఇంజను మాట, ఆ నవ్వు, మాత్రల సంగతి, అన్నీ స్పష్టంగా ఉన్నాయి. అది ఆగిన సమయం ఎనిమిది నలభై రెండు.

ఆమె సంచీలోంచి గాయాలకు వేసే ప్లాస్టరు ముక్క చించి, దాని మీద పెన్నుతో 8.42 అని రాసి కామాక్షయ్య చొక్కాకు భుజం దగ్గర అతికించింది.

ఈలోగా అతని భార్య మస్తానమ్మ చేపల గంప పడేసి పరుగెత్తుకొచ్చింది. ఆమె వెంటే మరిది ఆటో తీసుకొచ్చాడు. పక్షవాతానికి పసరు పోసే వైద్యుడొకడు పక్క మండలంలో ఉన్నాడు, మరిది అక్కడికే పోదామంటున్నాడు. మస్తానమ్మ మొగుడి చెయ్యి పట్టుకుని లేపబోయింది.

రెబెక్కమ్మ ఆమెను కసరలేదు. పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేసింది.

"మస్తానా, ఆ పసరు రేపు పోయించినా అదే పసరు, ఎల్లుండి పోయించినా అదే పసరు. నెల్లూరు పెద్దాసుపత్రిలో ఒక ఇంజక్షనుండాది. దానికి మాత్రం ఒంటిగంట దాటితే పని లేదు. ముందు దానికి పోదాం. దాంతో కాకపోతే నీ పసరుకాడికి నేనే తీసకపోతా."

మస్తానమ్మ ఆమె మొహంలోకి ఒక క్షణం చూసి, చెయ్యి వదిలేసింది. మరిది ఏదో అనబోతే, "ఊరుకోబ్బయా, సిస్టరమ్మ ఎట్ట చెప్తే అట్ట" అంది.

తొమ్మిది నలభైకి అంబులెన్సు వచ్చింది. ఆ లోపే రెబెక్కమ్మ నెల్లూరు క్యాజువాలిటీకి ఫోను చేసి, మనిషి వయసు, బీపీ, చక్కెర, పడిపోయిన పక్క, బయలుదేరే వేళ, అన్నీ చెప్పింది. కామాక్షయ్య వెంట ఆమే పోతుందనుకున్నాడు పెంచలకృష్ణ. ఆమె అతన్నే అంబులెన్సు ఎక్కమంది.

"టైం చెప్పాల్సింది మీరే సార్, విన్నది మీరే. నాకు పది గంటలకు పసిబిడ్డలొస్తారు."

దారంతా మస్తానమ్మ మొగుడి కుడిచేతిని రెండు చేతుల మధ్య పెట్టుకుని కూర్చుంది. కామాక్షయ్య కళ్లు తెరిచే ఉన్నాడు, మాట మాత్రం రావడం లేదు. పెంచలకృష్ణ తన జన్మలో మొదటిసారి ఒక అంకెకు భయపడ్డాడు. ఆ 8.42 వైపు చూడటం, గడియారం వైపు చూడటం, హైవే మీద లారీలను తిట్టుకోవడం, అంతే అతను చేయగలిగింది. ఆసుపత్రి గుమ్మంలోనే ఒక కుర్ర డాక్టరమ్మ ఎదురొచ్చి, ప్లాస్టరు చూసి, ఈ టైం ఎవరు చెప్పారని అడిగింది. అతను రికార్డు వినిపించాడు. ఆమె చివరిదాకా విని తలూపి స్ట్రెచరును స్కానింగుకు తోయించింది. మెదడులో రక్తస్రావం లేదు, రక్తం గడ్డ కట్టి అడ్డుపడింది. బీపీ దించి, పదకొండున్నరకు ఇంజక్షను ఎక్కించారు.

సాయంత్రం నాలుగింటికి కామాక్షయ్య కుడిచేతి వేళ్లు కదిలాయి. ఆరింటికి భార్యను పేరు పెట్టి పిలిచాడు. పెంచలకృష్ణ వరండాలోకి వచ్చి రెబెక్కమ్మకు ఫోను చేశాడు. ఆమె దేవుడికి స్తోత్రం చెప్పుకుని, మస్తానమ్మ ఏమన్నా తిన్నదా అని అడిగింది. ఇప్పుడు మీరు ఎక్కడున్నారని అతనడిగాడు.

"టీకాలకు ముప్పై ఒక్కమంది రావాల. ఇరవై తొమ్మిదిమంది వచ్చినారు. ఆ ఇద్దరి ఇళ్లకే పోతాండా" అంది.

ఆ తర్వాత రెండు నెలలు పెంచలకృష్ణ వీలైనప్పుడల్లా చిన్నవాకపాళెం పోయాడు. మొదట్లో అధ్యాయం కోసం, తర్వాత్తర్వాత ఆమె వెనక నడవడం కోసం. కామాక్షయ్య ఇంటికి వచ్చాక కుడిచేతి చూపుడువేలు, బొటనవేలు సరిగ్గా కలవడం లేదని దిగులుపడుతుంటే, ఆమె చినిగిన వల ఒకటి అతని ఒళ్లో వేసి, రోజుకు పది కన్నులు అల్లమంది. అల్లినవి సాయంత్రం వచ్చి లెక్కపెట్టేది. వదులుగా ఉంటే విప్పించేది. నెల తిరిగేసరికి ఆ వేళ్లు కలిశాయి.

ఏప్రిల్లో కాలేజీలో సెమినారు పెట్టారు. పెంచలకృష్ణ పట్టుబట్టి రెబెక్కమ్మను పిలిపించాడు. ఆమె చివరి వరసలో, బస్సు కోసం లేవబోయే మనిషిలా సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అతను ముందు పంతొమ్మిది దేశాల పట్టిక తెర మీద వేశాడు. తర్వాత ఆ బుధవారం కథ చెప్పాడు. కొబ్బరినూనె డబ్బాలూ, ప్లాస్టరు ముక్కా, పసరు మాటా, అన్నీ చెప్పాడు. పన్నెండు వేల డాలర్ల దేశంలో ఎలాంటి వైద్యం అందుతుందో అలాంటిదే ఎనభై డాలర్ల దేశంలో ఒక సముద్రపొడ్డున అందిందని ముగిస్తే హాలంతా చప్పట్లు. పద్మనాభయ్య గారు స్వయంగా చివరి వరస దాకా పోయి మైకు ఆమె చేతికిచ్చారు.

ఆమె సంచీ కుర్చీలో పెట్టి లేచి నిలబడింది.

"సార్ మంచిగా చెప్పినారు. నన్ను పొగిడినారు, సంతోషం. అయితే తక్కువ డబ్బుల్తో చేసినానని మాత్రం పొగడబాకండి. కామాక్షయ్య బతికింది ఆరోజు సార్ ఫోనుండాది గనక, రోడ్డు ఖాళీగా ఉండాది గనక. ఇంకో నర్సు ఉండుంటే, స్కానింగు దగ్గర్లో ఉండుంటే, ఈ ఇరవై రెండేళ్లలో ఇంకో ముగ్గురు బతికి ఉండేవాళ్లు. ఆ పైనున్న దేశాలోళ్లు ఊరికే పెడతారా అంత డబ్బు?"

అని మైకు పక్కవాళ్ల చేతిలో పెట్టి కూర్చుంది. పెంచలకృష్ణ తెర మీది తన పట్టిక వైపు తిరిగి చూశాడు. నాలుగేళ్లుగా అతను ఆ అడుగు వరసను ఒక ఘనతలాగా చూస్తున్నాడు. ఇన్నాళ్లూ దేన్ని మెచ్చుకుంటున్నాడో అప్పుడర్థమైంది. మెచ్చుకోవాల్సింది ఆ మనిషిని. ఆ ఎనభైని కాదు.

సెమినారు అయ్యాక అతనే ఆమెను మోటారు సైకిల్ మీద కావలి బస్టాండుకు తీసుకుపోయాడు. బోగోలు బస్సు ఇంకా రాలేదు. టీ తెచ్చి ఇచ్చి, కొంచెం తటపటాయించి, ఆ ముగ్గురూ ఎవరని అడిగాడు. ఏ కాగితంలోనూ లేని ప్రశ్న అది.

రెబెక్కమ్మ టీ గ్లాసు పక్కన పెట్టింది. "మొదట పోయింది అబిగయీలు. కాన్పుకి. ఇరవై ఏళ్లు కూడా లేవు దానికి, చేపలు ఎండేస్తా పాటలు పాడేది" అని మొదలుపెట్టింది. ఒక్కొక్కరి పేరు, వయసు, ఇల్లు ఎక్కడ, ఆరోజు ఏం జరిగింది, ఎవరికి ఫోను చేసింది, ఎంతసేపు ఎదురుచూసింది, అన్నీ వరసగా చెప్పింది. కన్నీళ్లు పెట్టుకోలేదు. పెంచలకృష్ణ ఫోను తీయలేదు, కాగితమూ తీయలేదు. రెండో మనిషి సంగతి చెబుతుండగా బోగోలు బస్సు వచ్చింది. ఆమె లేవబోతే, అతను కండక్టరు దగ్గరికి పోయి రెండు టిక్కెట్లు తీసుకుని, ఆమె పక్క సీటులో కూర్చున్నాడు.