మౌంటింగు బోల్టులు

పెద్దమేస్త్రి నోరు జారి నాలుగు రోజులైంది. ఆ నాలుగు రోజులూ తమ్ముడు వాళ్ల కార్ల మరమ్మతు షెడ్డు గడప తొక్కలేదు.

తగవుకు మూలం ఆసుపత్రి నర్సమ్మగారి పాత కారు. బండి ఆగి ఉన్నప్పుడు స్టీరింగు చలిజ్వరం వచ్చినట్టు వణికేది. ఇంజనును మోసే మౌంటింగు రబ్బర్లు మూడూ చితికిపోయాయని తేల్చి, పెద్దమేస్త్రి తానే కొత్తవి బిగించాడు. వణుకు తగ్గకపోగా రెట్టింపయింది. ఆ రబ్బర్లు కొనితెచ్చినవాడు తమ్ముడు.

"నాసిరకం సరుకు తెచ్చి నా చేతికి మచ్చ తెచ్చావు. నిన్ను నమ్మడమే నా తప్పు" అని నర్సమ్మగారి ఎదుటే అనేశాడు పెద్దమేస్త్రి. తమ్ముడు చేతులు తుడుచుకుని, ఆ గుడ్డను మడిచి బల్లమీద పెట్టి వెళ్లిపోయాడు. ఇరవై ఆరేళ్లుగా కలిసి పనిచేసిన మనిషి.

నాలుగో రోజు ఉదయం నర్సమ్మగారు మళ్లీ వచ్చింది. "ఈ బండి దిగాక గంటసేపు నా చేతులు నిలవడం లేదు మేస్త్రిగారూ. ఇలా సూది పట్టుకుంటే రోగులు మంచాలు దిగి పారిపోతారు" అని నవ్వి, సాయంత్రంలోగా బాగుకాకపోతే తుక్కుకు ఇచ్చేస్తానంది. తమ్ముడేడని అడిగితే, ఒంట్లో బాగాలేదట అని పెద్దమేస్త్రి బొంకాడు.

ఆమె వెళ్లాక పెద్దమేస్త్రి ఓపికగా మొదటినుంచి మొదలుపెట్టాడు. ఇంజను నడుస్తుండగా ప్లగ్గు వైర్లను ఒక్కొక్కటిగా తీసి చూశాడు. ఏది తీసినా ఇంజను ఒకేలా కుంటింది. అంటే నాలుగు సిలిండర్లూ సమానంగానే పనిచేస్తున్నాయి. ఇక మిగిలినవి రబ్బర్లే. దీపం పట్టుకుని బండి కిందికి దూరాడు. రబ్బర్లలో ఒక్క పగులైనా లేదు. కాని మూడూ పిండిన బట్టల్లా మెలితిరిగి ఉన్నాయి.

బోల్టులు కాస్త వదులు చేసి ఇంజను నడిపాడు. అది ఒక్కసారి ఒళ్లు విరుచుకున్నట్టు పక్కకు జరిగి, తన చోటు తాను చూసుకుని కూర్చుంది. అలాగే బిగించాడు. వణుకు మాయమైంది. సీటులో కూర్చుని చూస్తే, అంతవరకు వణుకుకు అలుక్కుపోయినట్టుండే వెనుకచూపు అద్దంలో వెనుక గోడమీది అక్షరాలు స్పష్టంగా కనిపించాయి.

పెద్దమేస్త్రికి అప్పుడు గుర్తొచ్చింది. ముందు బోల్టులు చేత్తో పట్టించి, ఇంజను నడిపి, అది కుదురుకున్నాకే బిగించాలన్నది తమ్ముడికి తాను మొట్టికాయలు వేసి నేర్పిన పాఠం. ఆనాడు నర్సమ్మగారు డ్యూటీకి ఆలస్యమవుతోందని నిలబడి ఉంటే, తన చేతి వేగం చూపించాలన్న సరదాతో, జాకీ మీద ఎత్తి నిలిపిన ఇంజనును అలాగే బిగించేశాడు. ఒకసారి నడిపి చూద్దామా అన్న తమ్ముడిని, తాతకు దగ్గులు నేర్పుతావా అని నోరు మూయించాడు కూడా.

ఇది బయటపెట్టకపోతే ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన వచ్చినందుకే ఆయనకు తనమీద అసహ్యం వేసింది.

సాయంత్రం నర్సమ్మగారు వచ్చి బండి నడిపి చూసి సంతోషిస్తే, ఆయన బండి తలుపు పట్టుకుని నిలబడ్డాడు. "మా తమ్ముడి ఇంటిదాకా రావాలమ్మా. వాణ్ణి మీ ఎదుట అన్నాను. ఆ మాట మీ ఎదుటే వెనక్కి తీసుకోవాలి."

ఇద్దరూ వెళ్లేసరికి మరదలు తలుపు తీసింది కాని లోపలికి రమ్మనలేదు. తమ్ముడు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"రబ్బర్లు మంచివేరా. తప్పు బిగించిన చేతిది" అన్నాడు పెద్దమేస్త్రి.

"తెలుసు."

"ఎప్పటినుంచి?"

"నువ్వు బిగిస్తున్నప్పటినుంచీ. నువ్వు నన్ను తిట్టేటప్పుడూ తెలుసు. ఈ అమ్మ ముందు నీ పరువు తీయడం ఇష్టంలేక ఊరుకున్నాను."

పెద్దమేస్త్రి తల వంచుకున్నాడు. క్షమించమని అడగడం ఆయనకు అలవాటులేని పని. అయినా అడిగాడు, మరదలికి కూడా వినపడేటట్టు. రేపు షెడ్డుకు వస్తావా అని ఆపైన అడిగాడు.

"రేపు రాను అన్నయ్యా" అన్నాడు తమ్ముడు. "ఎల్లుండి సంగతి ఎల్లుండి చూద్దాం."

"నీ ఇష్టం" అన్నాడు పెద్దమేస్త్రి. తమ్ముడితో ఆ మాట అనడం ఆయనకు అదే మొదటిసారి.