మజ్జిగలో కలిపిన పొడి

నా భార్య కామేశ్వరమ్మకు కీళ్లవాతం వచ్చి నాలుగేళ్లు. అట్టలోంచి మాత్ర తీసుకోవడానికి కూడా వేళ్లు సహకరించవు. ఆదివారం ఆదివారం వేసుకోవలసిన మాత్ర నేనే తీసి అరచేతిలో పెట్టేవాడిని. మర్నాడంతా వాంతులు. చూడలేకపోయేవాడిని.

మాణిక్యమ్మ అక్కయ్య కూతురు అపూర్వ విశాఖపట్నంలో పరిశోధన చేస్తోంది. ఈస్టులోంచి తీసిన ఒక చక్కెర పదార్థం పెడితే ఎలుకలకు కీళ్లవాపు తగ్గిందని ఫోనులో చెప్పింది.

"అయితే మీ అత్తయ్యకి పనికొస్తుందన్నమాట!"

"ఎలుకల సంగతి మావయ్యా నేను చెప్పేది. మనుషుల దాకా ఇంకా రాలేదు. డాక్టరు మందు ఆపకండి."

ఆ పిల్ల చెప్పినదాంట్లో సగమే మనసుకు పట్టింది.

మా బందరులో కొంటే ఎవరైనా చూస్తారని గుడివాడ వెళ్లి ఈస్టు పొట్లం కొన్నాను. కామేశ్వరి బ్రెడ్డు కూడా ముట్టదు. కల్లును పొంగించేది మడికి పనికిరాదంటుంది. భగవంతుడు ఎలుకకిచ్చిన ఉపశమనం ఈమెకెందుకివ్వడు అనుకుని, రోజూ ఒక చెంచా పుల్లమజ్జిగలో కలిపాను. ఆదివారం మాత్రకు బదులు విటమిను బిళ్ల పెట్టాను.

వాంతులు ఆగాయి.

"స్వామి దయ చూశాడండీ. ఈసారి అత్తయ్యగారి తద్దినానికి నేనే వండుతాను," అంది. మా ఇంట్లో ఆ వంట కోడలే మడి కట్టుకుని చేయాలి. రెండేళ్లుగా వంటమనిషిని పెట్టినందుకు ఆమె కుమిలిపోతోంది.

ఏడో వారంలో తద్దినం. ఆ ఉదయానికి వేళ్లు దొండకాయల్లా వాచిపోయాయి.

"ఏవమ్మా మరదలా, మా అమ్మకి గారెలనేసరికే వస్తాయా నీ నొప్పులు? చీరల కొట్లో అయితే వేళ్లు బాగానే సాగుతాయే!" అంది అక్కయ్య.

కామేశ్వరి గారెలు తట్టడానికి పొయ్యి ముందు కూర్చుంది. వంగని వేళ్లలోంచి పిండి జారి, నూనె చింది, చెయ్యి బొబ్బలెక్కింది. అయినా వంట పూర్తిచేసింది.

భోక్తలు వెళ్లాక, తల్లితో పాటు తద్దినానికి వచ్చిన అపూర్వ ఆ చెయ్యి పట్టుకుని చూసింది. "అత్తయ్యా, మందు వేసుకోవట్లేదా?"

"మీ మావయ్యేగా ఇస్తున్నారు."

తల్లికి పిండం పెట్టిన రోజు అబద్ధమాడలేకపోయాను. అంతా చెప్పాను.

"ఏడు వారాలా! అది మందు కాదు మావయ్యా, బేకరీ సరుకు. కీలు పాడైతే మళ్లీ బాగవదు."

"అయితే కల్లు పడ్డ కడుపుతో మా అమ్మకి వండిందా?" అక్కయ్య లెంపలు వేసుకుంది.

కామేశ్వరి నన్నే అడిగింది. "చెబితే ఒప్పుకోనని మీకు తెలుసు కదండీ?"

"తెలుసు."

మందు మళ్లీ మొదలైంది. రెండు వేళ్లు మాత్రం ఇక తిన్నగా రాలేదు. పక్కింటి నాగూర్ బీని గడప దాటనివ్వని మనిషి, ఇప్పుడు మాత్రకూ మంచినీళ్లకూ ఆమెనే పిలుస్తోంది.

నిన్న నాగూర్ బీ ఊళ్లో లేదు. కామేశ్వరి తానే ఎత్తబోతే గ్లాసు చేతిలోంచి జారిపడింది. మళ్లీ నింపి నోటి దగ్గర పెట్టాను.

"ఇందులో ఏం కలిపారండీ?"

"ఏమీ లేదు కామేశ్వరీ. ఉత్త నీళ్లు."

గ్లాసు వంక కాసేపు చూసింది. మొహం తిప్పుకుని, దాహంతోనే కూర్చుంది.